నేల ఎందుకు కుంగింది?

స్వర్ణముఖి ఏటి పక్కన ఒక పల్లె ఉందని అనుకుందాం. ఈ ఏరు చంద్రగిరి కొండల వైపు నుంచి వస్తుంది. తిరుచానూరు పక్కగా, శ్రీకాళహస్తి మీదుగా సముద్రం వైపు పోతుంది. ఏడాదిలో చాలా నెలలు ఏట్లో నీళ్ళు కనపడవు. ఇసుకే కనపడుతుంది. అందుకే ఆ పల్లెలో అందరికీ ఇసుక బాగా తెలుసు. చిన్నప్పుడు ఇసుకలో ఆడుకున్నారు. పెద్దయ్యాక ఇసుక మోసినారు. ఎండాకాలంలో ఇసుకలో చెలమ తీసి నీళ్ళు తోడుకున్నారు.

అయినా ఒకరోజు ఇసుక వాళ్ళకు ఒక కొత్త సంగతి నేర్పింది.

రెండు మూలలు

ఆ పల్లెలో ఒకామె దోసెపిండి రుబ్బి అమ్ముతుంది. ఊరంతా ఆమెను పిండత్త అంటారు. ఏడాదిన్నర కిందట ఆమె అప్పు చేసి ఇల్లు కట్టుకుంది. నేలకు నున్నటి కడప బండలు వేయించింది. ఒక మూలలో పిండి రుబ్బే గ్రైండరు పెట్టుకుంది. ఇంకో మూలలో చెనిక్కాయల మూటలు పేర్చుకుంది.

ఒకరోజు పొద్దున ఎదురింటి కోడలు గిన్నె తీసుకుని పిండికి వచ్చింది. గ్రైండరు తిరగడం లేదు.

"ఏందత్తా, పొద్దన్నే గ్రైండరు ఆపేసినావు?"

"ఏం చెప్పేది మే! గ్రైండరు ఒక పక్కకు ఒరిగిపోతాండాది. కింద బండ దిగబడిపోయింది. నువ్వే చూడు."

కోడలు వంగి చూసింది. గ్రైండరు కింద బండ రెండు వేళ్ళ లోతు కుంగింది. పక్క బండకు, దానికి మధ్య సిమెంటు పగిలింది. ఆ సందులోంచి చీమలు ఇసుక పైకి తెస్తున్నాయి.

కోడలు రెండో మూలకు పోయి చూసింది. అక్కడ పది మూటలు ఉన్నాయి. వాటి కింద బండ చెక్కు చెదరలేదు.

"ఇదేం వింత అత్తా? మూటల బరువెంత? గ్రైండరు బరువెంత? బరువు ఉన్న చోట కుంగలేదు. తేలిక ఉన్న చోట కుంగిందే!"

వాకిట్లో కూర్చున్న అవ్వ ఆ మాట వినింది. అవ్వ వయసులో ఉన్నప్పుడు చెరువు కట్టల పనికి, రోడ్ల పనికి పోయింది. మన్ను మోసింది. దిమ్మిస కొట్టింది. అవ్వ నవ్వింది.

"మూట పండుకోనుండాది. గ్రైండరు గంతులేస్తాంది. గంతులేసే దాని కింద ఇసుక ఊరికే ఉంటాదా?"

కోడలు ఆలోచనలో పడింది. ఆమె ఇల్లు కూడా అప్పుడే కడుతున్నారు. గోడలు లేచాయి. మిద్దె పడింది. లోపల నేల ఒకటే మిగిలింది. ఎల్లుండి మేస్త్రి వచ్చి ఇసుక నింపుతానన్నాడు. ఆ ఇంటికి ఆమె చేతి గాజులు కుదువలో ఉన్నాయి.

పిండత్త నేలకు వచ్చిన గతి తన నేలకు రాకూడదు. దానికి ఏం చేయాలి? ముందు అవ్వ మాట నిజమో కాదో తెలుసుకోవాలి.

పడిలో బియ్యం

అవ్వ కోడల్ని వంటింట్లోకి పిలిచింది. ఒక పడి, ఒక చేట, కొన్ని బియ్యం తెమ్మంది.

"పడి నిండా బియ్యం పొయ్యి. చేత్తో పైన సమం చెయ్యి."

కోడలు పోసింది. సమం చేసింది.

"ఇప్పుడు పైనుంచి అరచేత్తో గట్టిగా నొక్కు."

కోడలు నొక్కింది. బియ్యం దిగినట్టే కనిపించలేదు.

"ఇప్పుడు పడిని పట్టుకుని నేల మీద ఇరవైసార్లు మెల్లగా తట్టు."

కోడలు తట్టింది. బియ్యం పడి అంచు నుంచి కిందికి దిగాయి. పైన ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో ఇంకో గుప్పెడు బియ్యం పట్టాయి.

ఇది ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతే. అంగట్లో కొలిచేటప్పుడు తట్టి కొలిస్తే ఎక్కువ వస్తాయి. తట్టకుండా కొలిస్తే తక్కువ వస్తాయి. చెనిక్కాయలు గోతానికి ఎత్తేటప్పుడు కూడా గోతాన్ని ఎత్తి ఎత్తి నేలకు కుదేస్తాం. అప్పుడే కాయలు సర్దుకుంటాయి. ఇంకో చేటెడు పడతాయి.

ఇసుక కూడా గింజలే. బియ్యం ఎట్లా సర్దుకుంటాయో ఇసుక కూడా అట్లాగే సర్దుకుంటుంది.

గింజల మధ్య ఖాళీ

తట్టినప్పుడు బియ్యం గింజ చిన్నది కాలేదు. మరి బియ్యం ఎందుకు కిందికి దిగాయి?

గింజకు, గింజకు మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ తగ్గింది. అందుకే మొత్తం కుప్ప దిగింది.

ఒకే సైజు గోలీలు ఒక పెట్టెలో పెట్టామనుకోండి. ఒక గోలీ నెత్తిన ఇంకో గోలీ నిలువుగా పేర్చితే పెట్టెలో నూటికి 48 పాళ్ళు ఖాళీయే. గోలీలు నిండేది 52 పాళ్ళు మాత్రమే. అవే గోలీలను బత్తాయిల అంగడిలో పేర్చినట్టు పేర్చామనుకోండి. అంటే కింద మూడు కాయల నడుమ గుంటలో పైకాయ కూర్చునేట్టు. అప్పుడు ఖాళీ నూటికి 26 పాళ్ళే. గోలీలు అవే. పేర్పు మారింది. ఖాళీ తగ్గింది.

ఇసుక గింజలు గోలీల మాదిరి ఒకే సైజులో ఉండవు. కొన్ని పెద్దవి, కొన్ని సన్నవి. అంచులు గరుకుగా ఉంటాయి. తట్టతో పోసిన ఇసుక ఎట్లా పడితే అట్లా నిలుస్తుంది. ఒక గింజ ఇంకో గింజకు ఆనుకుని చిన్న చిన్న వంతెనల మాదిరి నిలబడుతుంది. వంతెన కింద ఖాళీ ఉంటుంది. ఇట్లాంటి ఇసుకను వదులు ఇసుక అంటారు. గింజలు గుంటల్లో కూర్చుని దగ్గరికి చేరితే దాన్ని గట్టి ఇసుక అంటారు.

కాబట్టి చూడటానికి రెండూ ఇసుకే. మోసే పనిలో మాత్రం రెండూ ఒకటి కాదు.

బరువు వేరు, అదురు వేరు

వదులు ఇసుక మీద బరువు పెడితే ఏమవుతుంది? గింజ గింజను గట్టిగా ఒత్తుతుంది. ఒత్తిడి పెరిగితే గింజల మధ్య రాపిడి కూడా పెరుగుతుంది. గింజలు జారకుండా ఒకదాన్ని ఒకటి పట్టుకుంటాయి. అందుకే చెనిక్కాయల మూటల కింద బండ కదల్లేదు.

అదురు వస్తే సంగతి వేరు. అదిరిన ప్రతిసారీ గింజల పట్టు ఒక్క క్షణం సడలుతుంది. ఆ క్షణంలో గింజ పక్కనున్న గుంటలోకి జారుతుంది. మళ్ళీ అదురు. మళ్ళీ ఇంకో గింజ జారుతుంది. గ్రైండరు రోజూ తిరుగుతుంది. ఏడాదిన్నరలో ఎన్ని అదుర్లు అయ్యాయో ఎవరు లెక్కపెట్టగలరు? రెండు వేళ్ళ లోతు ఒక్కరోజులో కుంగింది కాదు. రోజూ వెంట్రుకవాసి చొప్పున కుంగింది.

మళ్ళీ మళ్ళీ పడే బరువు కూడా ఇట్లాగే పని చేస్తుంది. రోడ్డు మీద లారీ పోతుంది. కింద ఉన్న మన్ను, ఇసుక కొంచెం దిగుతాయి. లారీ పోయాక దిగినదాంట్లో చాలా వరకు పైకి లేస్తుంది. కొంచెం మాత్రం లేవదు. అది అక్కడే నిలిచిపోతుంది. ఇంకో లారీ వస్తుంది. ఇంకొంచెం నిలుస్తుంది. ఒక్కో లారీ మిగిల్చేది కంటికి కనిపించదు. వెయ్యి లారీలు పోయాక రోడ్డు మీద చక్రాల దారి పడుతుంది. వాన కురిస్తే ఆ దారిలోనే నీళ్ళు నిలుస్తాయి.

ఇక్కడ ఒక మంచి సంగతి కూడా ఉంది. మొదటి దెబ్బలకు ఇసుక ఎక్కువ దిగుతుంది. తర్వాత దెబ్బలకు తక్కువ దిగుతుంది. పోనుపోను దిగడం దాదాపు ఆగిపోతుంది. ఎందుకంటే గింజలు జారడానికి గుంటలు మిగలవు. పడిని ఇరవైసార్లు తట్టాక ఇంకో ఇరవైసార్లు తట్టి చూడండి. రెండోసారి బియ్యం దిగేది చాలా తక్కువ.

అయితే దెబ్బ పెద్దదైతే ఆగిన ఇసుక మళ్ళీ దిగవచ్చు. ఇసుకలోకి కొత్తగా నీళ్ళు చేరినా దిగవచ్చు.

రేణిగుంట జంక్షన్ పక్కన నిలబడితే రైలు పట్టాల కింద కంకర రాళ్ళు కనిపిస్తాయి. వాటిది కూడా ఇదే కథ. రైలు పోయిన ప్రతిసారీ కంకర అదురుతుంది. కొంచెం సర్దుకుంటుంది. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ దిగుతుంది. పట్టా ఎగుడుదిగుడు అవుతుంది. అందుకే రైల్వే వాళ్ళు పట్టాను పైకెత్తి కింద కంకర మళ్ళీ కుక్కుతూ ఉంటారు. వెనకటికి గ్యాంగు కూలీలు పలుగులతో కుక్కేవారు. ఇప్పుడు పెద్ద మిషన్లు ఎక్కువగా ఈ పని చేస్తున్నాయి. పని మాత్రం ఒక్కసారితో అయిపోయేది కాదు.

పట్టాను మళ్ళీ ఎత్తవచ్చు. ఇంటి నేలను ఏటేటా ఎత్తలేం. అందుకే దిగాల్సినదంతా బండలు వేయకముందే దిగేట్టు చేయాలి. దిమ్మిస కొట్టేది అందుకే.

నీళ్ళు మేలూ చేస్తాయి, కీడూ చేస్తాయి

ఇసుకకు నీళ్ళు తోడైతే మూడు రకాలుగా నడుస్తుంది.

ఒకటి. ఇసుక కొంచెం తడిగా ఉంటే ఉబ్బుతుంది. ప్రతి గింజ చుట్టూ పలుచటి నీటి పొర ఉంటుంది. ఆ పొర గింజలను దగ్గరికి రానివ్వదు. ఇట్లా తడిసిన ఇసుక పొడి ఇసుక కంటే నూటికి 20, 25 పాళ్ళు ఎక్కువ జాగా తీసుకోవచ్చు. సన్న ఇసుకైతే ఇంకా ఎక్కువ ఉబ్బుతుంది. ట్రాక్టరు లెక్కన ఇసుక కొనేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ట్రాక్టరు నిండుగా కనిపిస్తుంది. ఇసుక మాత్రం నిండుగా ఉండదు.

రెండు. నీళ్ళు బాగా పోసి, ఆ నీళ్ళు కిందికి ఇంకిపోతే ఇసుక దిగుతుంది. గింజ చుట్టూ ఉన్న పొర పట్టు పోతుంది. గింజలు జారి దగ్గరికి చేరతాయి. అందుకే మేస్త్రీలు ఇసుక నింపి నీళ్ళు కడతారు. ఇది మంచి పనే. కానీ నీళ్ళు ఒకటే చాలవు. నీళ్ళు కట్టాలి, దిమ్మిస కూడా కొట్టాలి.

మూడు. నీళ్ళు నిండుగా ఉండి బయటికి పోయే దారి లేకపోతే ప్రమాదం. గ్రైండరు అదిరితే ఇంట్లో ఒక మూల కుంగింది. మరి ఊరి నేలంతా అదిరితే?

భూకంపంలో అదే జరుగుతుంది. నేల కింద నీళ్ళతో నిండిన వదులు ఇసుక ఉందనుకోండి. అదురుకు గింజలు దగ్గరికి జరగాలని చూస్తాయి. మధ్యలో నీళ్ళు అడ్డం ఉంటాయి. అంత తొందరగా నీళ్ళు బయటికి పోలేవు. అప్పుడు పైబరువు గింజల మీద నుంచి నీళ్ళ మీదికి మారుతుంది. గింజల పట్టు పోతుంది. గట్టిగా ఉన్న నేల కాసేపు గంజి మాదిరి అవుతుంది.

1964 జూన్ 16న జపాన్ దేశంలో నీగాటా అనే ఊళ్ళో భూకంపం వచ్చింది. అక్కడ నాలుగంతస్తుల ఇండ్లు గోడలు విరగకుండానే పక్కకు వాలిపోయాయి. నేలలో పూడ్చిన తొట్లు పైకి తేలాయి. మన దేశంలో 2001 జనవరి 26న గుజరాత్‌లో భుజ్ భూకంపం వచ్చింది. అప్పుడు కచ్ రణ్ ప్రాంతంలో చాలాచోట్ల నేల చీలి ఇసుక, నీళ్ళు పైకి చిమ్మాయి.

నేల అదరకుండా, ఒట్టి వానకే తొట్టి పైకి లేచిన సంగతి మన తిరుపతిలోనే జరిగింది. 2021 నవంబరులో తిరుపతిలో పెద్ద వానలు పడ్డాయి. వీధుల్లో నీళ్ళు పారాయి. నేల లోపలంతా నానిపోయింది. ఆ నెల చివర్లో ఎం.ఆర్. పల్లి వైపు శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇంట్లో నీళ్ళ సంపు ఉండేది. అది సిమెంటు ఒరలతో లోతుగా కట్టిన సంపు. ఒకామె లోపలికి దిగి దాన్ని శుభ్రం చేస్తూ ఉంది. ఉన్నట్టుండి సంపు ఒరలు నేలలోంచి పైకి లేచాయి. ఆమె ప్రాణాలతో బయటపడింది. చూడటానికి జనం గుంపులుగా వచ్చారు. ఇది దేవుడి మహిమ అన్నవాళ్ళు కూడా ఉన్నారు.

మహిమ ఏమీ లేదు. ఖాళీ బిందెను నీళ్ళ తొట్టిలో కిందికి నొక్కి వదలండి. ఎగిరి పైకి వస్తుంది. సంపు కూడా ఖాళీ బిందె వంటిదే. నేల పొడిగా ఉన్నప్పుడు మన్ను దాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. నేల నీళ్ళతో నానితే ఆ పట్టు సడలుతుంది. నీళ్ళు కింది నుంచి పైకి నెడతాయి. లోపల నీళ్ళున్నంత సేపు ఆ బరువు సంపును కిందికి అదిమి ఉంచుతుంది. తోడేస్తే ఆ బరువు పోతుంది. సంపు తేలుతుంది.

కాబట్టి పెద్ద వానలు పడి నేల నానినప్పుడు సంపును ఖాళీ చేయకూడదు. లోపలికి మనిషి దిగకూడదు. నేల ఆరినాక శుభ్రం చేసుకోవచ్చు.

ఇసుక ఉబ్బడం కూడా ఉంది

ఇసుక ఎప్పుడూ తగ్గడమేనా? కాదు.

ఏటి ఒడ్డున తడి ఇసుకలో నడిచేటప్పుడు కాలి చుట్టూ చూడండి. కాలు మోపగానే కాలి చుట్టూ ఇసుక ఆరినట్టు తెల్లగా మారుతుంది. కాలు తీస్తే అడుగులో నీళ్ళు ఊరుతాయి. మనం తొక్కితే నీళ్ళు పైకి పిండుకు రావాలి కదా? ఇసుక ఎందుకు ఆరింది?

ఆ ఇసుక ముందే గట్టిగా సర్దుకుని ఉంది. గింజలన్నీ గుంటల్లో కూర్చుని ఉన్నాయి. కాలు నెట్టినప్పుడు అవి పక్కకు జరగాలి. జరగాలంటే పక్క గింజ మీదికి ఎక్కి దాటాలి. ఎక్కినప్పుడు మధ్య ఖాళీ పెరుగుతుంది. పైన ఉన్న నీళ్ళు ఆ ఖాళీలోకి దిగిపోతాయి. అందుకే పైభాగం ఆరినట్టు కనిపిస్తుంది. 1885లో ఇంగ్లండులో ఆస్బర్న్ రెనాల్డ్స్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి వివరించి రాశాడు.

అంటే వదులు ఇసుక కదిలితే తగ్గుతుంది. గట్టి ఇసుక పక్కకు నెట్టబడితే ఉబ్బుతుంది. ఉబ్బాలంటే పైబరువును ఎత్తాలి. అది అంత సులభం కాదు. అందుకే గట్టి ఇసుక అంత తొందరగా కదలదు. ఇల్లు నిలవాల్సింది అట్లాంటి ఇసుక మీదే.

గోడ మీద గీత

ఎల్లుండి వచ్చింది. మేస్త్రి కూడా వచ్చాడు. రెండు ట్రాక్టర్ల ఇసుక దిగింది.

"ఇసుకంతా ఒకేసారి నింపేస్తామమ్మా. పైన నీళ్ళు కొట్టి వదిలేస్తాం. రేపు బండలు వేసుకోవచ్చు" అన్నాడు మేస్త్రి.

కోడలి మొగుడు కూడా తొందరపడ్డాడు. "శుక్రవారం మంచిరోజు. అందరికీ చెప్పినాం. ఆలోపల బండలు పడాల."

కోడలు పిండత్త నేలను గుర్తు చేసుకుంది. "అన్నా, పిండత్త ఇంటికి కూడా ఇట్లనే చేసినారు కదా? రెండడుగుల ఇసుక ఒకేసారి పోసి పైన కొడితే, అడుగున ఉండే ఇసుకకు దెబ్బ తగులుతాదా?"

మేస్త్రి కొంచెంసేపు మాట్లాడలేదు. "తగలదమ్మా. దిమ్మిస దెబ్బ పైపైనే పోతాది. కానీ పొరలు పొరలుగా చేయాలంటే మూడు దినాలు పడతాది. కూలి ఎవరిస్తారు?"

"దిమ్మిస మేం కొడతాం" అంది అవ్వ.

కోడలు బొగ్గు ముక్క తీసుకుంది. గోడ మీద అడుగున ఒక గీత గీసింది. దాని పైన ముప్పావు అడుగుకు ఒక గీత. అంటే తొమ్మిది అంగుళాలు. దాని పైన ఇంకో తొమ్మిది అంగుళాలకు ఒక గీత. దాని పైన ఆరు అంగుళాలకు చివరి గీత. ప్రతి గీత పక్కన అంకె రాసింది. 1, 2, 3. ఆరు నెలల కిందట ఆమెకు ఆ అంకెలు రాయడం రాదు.

మొదటి గీత దాకా ఇసుక నింపినారు. నీళ్ళు కట్టినారు. నీళ్ళు ఇంకినాక నలుగురు ఆడవాళ్ళు దిమ్మిస అందుకున్నారు. ఒక మూల నుంచి మొదలుపెట్టి గదంతా కొట్టినారు. కోడలు టేపు పెట్టి కొలిచింది. ఇసుక గీత కంటే ముప్పావు అంగుళం కిందికి దిగింది. నోటుబుక్కులో రాసుకుంది.

రెండో చుట్టు కొట్టినారు. ఇంకో పావు అంగుళం దిగింది. అదీ రాసుకుంది.

మూడో చుట్టు కొట్టినారు. టేపుకు తేడా దొరకలేదు. "ఇంక చాలు. ఇది సర్దుకునింది" అంది అవ్వ.

సాయంత్రం మొగుడు వచ్చి పని చూశాడు. "ఇంకా మొదటి పొరేనా?" అని విసుక్కున్నాడు. కోడలు నోటుబుక్కు ముందు పెట్టింది.

"తొమ్మిది అంగుళాల ఇసుక ఒక అంగుళం దిగింది. మొత్తం రెండడుగులు. ఇట్లనే దిగితే రెండున్నర అంగుళాలకు పైనే. ఈ దిగేదేదో బండలు వేసినాక దిగితే ఎట్ల? పిండత్త బండలు పీకి మళ్ళీ వేయించుకోవాల. మనకు ఆ దుడ్డు ఉందా?"

మొగుడు అంకెలు చూశాడు. గోడ మీద గీతలు చూశాడు. ఇంకేమీ అనలేదు. మరునాడు తనూ ఒక దిమ్మిస పట్టినాడు.

శుక్రవారం వచ్చేటప్పటికి మూడు పొరలూ అయ్యాయి. బండలు మాత్రం పడలేదు. గట్టిపడిన ఇసుక మీదే మూడు రాళ్ళు పెట్టి పాలు పొంగించారు. వచ్చినవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. బండలు తర్వాతి వారం వేశారు.

పిండత్త ఏం చేసింది? గ్రైండరు మూలలో బండలు ఎత్తించింది. కింద వదులు ఇసుక తీయించింది. మళ్ళీ పొరలుగా నింపి కొట్టించింది. గ్రైండరు కింద మందపాటి రబ్బరు షీటు వేసుకుంది. అది అదురును కొంత తగ్గిస్తుంది. ఆమెకు రెండోసారి ఖర్చు అయింది. అదే పని మొదటే చేసి ఉంటే మూడు రోజుల కష్టంతో పోయేది.

ఇల్లు కట్టుకునేవాళ్ళు గుర్తుంచుకోవాల్సినవి

1. ఇసుకను ఒకేసారి నింపకూడదు. అరడుగు నుంచి ముప్పావు అడుగు మందం పొరలుగా నింపాలి.

2. ప్రతి పొరకు నీళ్ళు కట్టాలి. నీళ్ళు ఇంకనివ్వాలి. తర్వాత దిమ్మిస కొట్టాలి.

3. కొట్టేటప్పుడు మూలలు, గోడల వెంబడి వదిలేయకూడదు. ఎక్కువగా కుంగేది అక్కడే.

4. కొత్తగా కట్టిన బేస్‌మట్టం గోడ పచ్చిగా ఉంటే దాని పక్కన గట్టిగా కొట్టకూడదు. ఇసుక గోడను బయటికి నెడుతుంది. గోడ నీళ్ళు తాగి గట్టిపడినాక కొట్టాలి.

5. ఇసుకకు బదులు గరుసు మన్ను, క్వారీ పొడి వాడినా ఇదే పద్ధతి. పొరలు, నీళ్ళు, దిమ్మిస తప్పవు. ఏటి ఇసుక ఎంత తక్కువ తీస్తే మన బావులకు అంత మేలు.

6. నల్లరేగడి మన్ను మాత్రం నింపకూడదు. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. దిమ్మిస దానికి మందు కాదు.

7. గ్రైండరు, నీళ్ళ మోటారు వంటివి పెట్టే చోట ఇంకా బాగా కొట్టించాలి. కింద కాంక్రీటు వేయించుకుంటే మేలు.

8. పని జరిగేటప్పుడు గోడ మీద గీత గీయండి. అంకె రాయండి. ఇసుక దిగడం ఆగినాకే బండలు వేయించండి.

చేసి చూడండి

ఒక గాజు గ్లాసులో తడి ఇసుక నింపండి. పైన సమం చేయండి. ఇసుక ఎన్ని వేళ్ళ ఎత్తు ఉందో కొలిచి రాసుకోండి. ఆ ఇసుకను ఒక పళ్ళెంలో పోయండి. గ్లాసులో సగం నీళ్ళు పోయండి. ఇసుకను మళ్ళీ కొంచెం కొంచెంగా గ్లాసులో వేయండి. పుల్లతో కలియబెట్టండి. ఇసుక అడుగుకు చేరినాక ఎత్తు మళ్ళీ కొలవండి. ఎంత తగ్గింది? మీరు కొన్న ఇసుకలో ఉబ్బు ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది.

మాట్లాడుకోండి

1. పది మూటల కింద బండ కుంగలేదు. గ్రైండరు కింద కుంగింది. ఎందుకు?

2. మీ ఇంట్లో గానీ, వీధిలో గానీ నేల కుంగిన చోటు ఉందా? అక్కడ మళ్ళీ మళ్ళీ పడే బరువు ఏది? అదురు ఎక్కడి నుంచి వస్తోంది?

3. ఒక పొర 9 అంగుళాల ఇసుక. కొట్టినాక 1 అంగుళం దిగింది. అట్లాంటి పొరలు 3 వేస్తే మొత్తం ఎన్ని అంగుళాలు దిగుతుంది?

4. పెద్ద వానల తర్వాత సంపును ఎందుకు ఖాళీ చేయకూడదు? ఇంట్లో పిల్లలకు మీ మాటల్లో చెప్పండి.